విప్పిన కారును మరల కూర్చుట

గుంటూరులోని మా యింటి పెరటి రేకులపాకయందు 1971వ సంవత్సరమున తయారైన అంబాసిడరు కారొకటి పదునాలుగేండ్లు కదలక నిలిచియుండెను. అది మా తండ్రిగారిది. వారు ఉపాధ్యాయులుగా నున్న దినములలో, 1984లో, దానిని ఒక పొగాకు వర్తకునియొద్ద పాతదిగా కొనిరి. 2004లో కంటిచూపు తగ్గగా తాళపుచెవిని గోడమేకునకు తగిలించి మరల తీయలేదు. 2018వ సంవత్సరపు వేసవి సెలవులలో మేము, అనగా ఈ వ్యాసకర్తయు మా తమ్ముడును, ఆ కారును పూర్తిగా విప్పి, బాగుచేసి, తిరిగి కూర్చుటకు పూనుకొంటిమి. విప్పుటకు పదునెనిమిది దినములు పట్టెను. కూర్చి రోడ్డెక్కించుటకు పదునాలుగు నెలలాయెను. ఇంత భేదమేల వచ్చెనో మన పాఠశాల విద్యార్థులకు చెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

నేటి బాలురలో అంబాసిడరు నెక్కినవారు కొలదిమందియే యుందురు. దీనిని హిందూస్థాన్ మోటార్స్ కంపెనీవారు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో 1958 మొదలు 2014 వరకు తయారుచేసిరి. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవశ్రేణి కారు దీనికి మాతృక. అన్ని సంవత్సరములలోను దీని రూపము స్వల్పముగనే మారినది. మంత్రులు తిరిగినదియు ఇదియే, అద్దెకు నడచినదియు ఇదియే. మాది మార్క్ టూ అను నమూనా. ఇంజనునందు నాలుగు సిలిండరులు, వాని పరిమాణము 1489 ఘన సెంటీమీటరులు. చిరకాలము ఒకే తీరున తయారగుటచేత విడిభాగములు నేటికిని లభించును. విజయవాడ ఆటోనగరులో ఒక దినము తిరిగినచో సగము సామాను చేజిక్కును. తక్కిన సగమునకు ఓర్పు కావలయును.

విప్పునప్పుడు మేము చేసిన మంచిపని యొకటి, చెడ్డపని యొకటి కలవు. మంచిపని యేమనగా, తీసిన ప్రతి బోల్టును అది వచ్చిన రంధ్రముననే తిరిగి రెండు చుట్లు త్రిప్పి యుంచుట. అట్లుంచిన బోల్టునకు చీటీ యక్కరలేదు. చెడ్డపని యేమనగా, అట్లుంచుటకు వీలులేని చిన్నసామానును పాలడబ్బాలలో వేసి పైన సుద్దముక్కతో పేర్లు వ్రాయుట. కిరసనాయిలు తగిలిన సుద్దవ్రాత యెంతకాలము నిలుచునో ఉపాధ్యాయులమగు మాకే తోచలేదు! నెల తిరుగకుండ ఎనిమిది డబ్బాలును ఒక్కతీరుగా నల్లబడెను. చేతిఫోనుతో నాలుగువందల ఛాయాచిత్రములు తీసియుంటిమిగాని, చిత్రమునందు ముందున్న వస్తువే కనబడును. దాని వెనుక ఎన్ని వాషరులున్నవో కనబడదు. "ఇది గుర్తుంటుందిలే అన్నయ్యా" అని మా తమ్ముడన్న ప్రతిచోటను ఆరునెలల పిమ్మట మేమిరువురమును తలలు గోకికొంటిమి.

మమ్ము కాపాడినది మా తండ్రిగారి నోటుపుస్తకము. కారు కొన్ననాటినుండి వారు దానికి జరిగిన ప్రతిపనిని తేదీతోను, ఖర్చుతోను, కారు తిరిగిన దూరపు అంకెతోను వ్రాసియుంచిరి. చమురు మార్చినను ఒక పంక్తి, దీపము మార్చినను ఒక పంక్తి. అందులో 1991వ సంవత్సరమున "క్రాంకు 20 అరగదీయించితిని, బేరింగులు 20" అని యున్నది. దీని యర్థము చెప్పవలెను. పిస్టనుల క్రిందిమీది చలనమును గుండ్రని చలనముగా మార్చు ఇనుపకడ్డీ క్రాంకుషాఫ్టు. అది తిరుగుచోట్ల అరిగినప్పుడు, అంగుళములో వేయింట 20 పాళ్లు లావు తగ్గునట్లు దానిని నున్నగా అరగదీయించి, ఆ తగ్గినమేర దళసరిగా నున్న బేరింగు చిప్పలు వేయుదురు. మేము ఈ పంక్తిని చూడకమునుపు మామూలు కొలత చిప్పలు కొనితెచ్చియుంటిమి. అవి వేసినచో కడ్డీకిని చిప్పకును నడుమ అరమిల్లీమీటరు సందేర్పడెడిది. నూనె ఒత్తిడి నిలువక, కొద్దికాలములోనే ఇంజను చెడియుండెడిది. నోటుపుస్తకము వెల స్వల్పమే.

ఇక కూర్పు. విప్పిన క్రమమును తలక్రిందు చేసినచో కూర్పుక్రమము వచ్చునని చాలమంది తలంతురు. కొంతవరకే అది నిజము. విప్పునప్పుడు తుప్పుపట్టిన గొట్టమును రంపముతో కోసి తీయవచ్చును. కూర్చునప్పుడు కోయుట యుండదు. బ్రేకు గొట్టములును, విద్యుత్తీగెల కట్టయు ఇంజను లేని ఖాళీస్థలమున ముందుగ అమర్చినచో ఒక సాయంత్రపు పని. ఇంజను కూర్చుండిన పిమ్మట అదియే మూడుదినముల పని, పైగా చేతులకు గాయములు. అంబాసిడరునకు వేరుగా చట్రము లేదు, దేహమే చట్రము. కావున తుప్పుపట్టిన నేలరేకులను కోసి క్రొత్తవి అతికించునప్పుడు తలుపులను ముందుగ బిగించి, అవి సరిగా మూతపడుచున్నవో లేదో చూచుకొనవలెను. మేము వెనుక ఎడమతలుపును ఈ విధముగ చూచుట మరచితిమి. దాని సంగతి కడపట చెప్పెదము.

ముందుచక్రముల నాపుటకు ఈ కారునందు సుళ్లు తిరిగిన స్ప్రింగులు లేవు. వాని బదులు పొడుగుపాటి ఉక్కుకడ్డీలు రెండున్నవి. చక్రము గుంటలో పడినప్పుడు కడ్డీ మెలితిరిగి, మరల తన స్థితికి వచ్చును. ఏండ్లతరబడి ఒకేవైపు మెలితిరిగిన కడ్డీ ఆ వైపునకే అలవాటుపడును. ఎడమదానిని కుడికి వేసినచో వ్యతిరేకముగ మెలిపడి విరుగు ప్రమాదము కలదు. చూపునకు రెండును కవలలవలె నుండును. వీనిమీదమాత్రము సుద్దను నమ్మక, చివర ఆకురాయితో ఎడమదానికి ఒక గీటు, కుడిదానికి రెండు గీట్లు పెట్టియుంటిమి. ఎందుకు తోచినదో తోచినది.

ఇంజను కూర్పునందు విద్యార్థులు గమనింపదగిన విషయము బిగింపు. క్రాంకుషాఫ్టును పట్టియుంచు మూడు ప్రధాన బేరింగుల బోల్టులను 70 ఫుట్-పౌనుల బలముతో బిగింపవలెనని నియమము. అనగా అడుగు పొడవుగల పానాపిడి చివర 70 పౌనులు, సుమారు 32 కిలోగ్రాములు, వ్రేలాడదీసినచో ఎంత త్రిప్పుడు బలము వచ్చునో అంత. పిడి రెండడుగులున్న 35 పౌనులు చాలును. మీరు పుస్తకమున చదివిన తులాదండ సూత్రమే యిది. ఇంతకు తక్కువ బిగించిన బోల్టు సడలును. ఎక్కువ బిగించిన సాగి, ఒకనాడు తెగును. ఈ బలమును కొలుచు పానా వేరుగ నున్నది. దానిని అద్దెకు తెచ్చితిమి. మాకు సాయపడిన వృద్ధ మేస్త్రీగారు దానిని చూచి నవ్విరి. నలుబదియేండ్లు చేతిలెక్కతోనే బిగించినవారు వారు. పానా టక్కుమని పలుకుచోటను, వారి చేయి ఆగుచోటను ఒక్కటే యగుట మేము మూడుమారులు పరీక్షించి చూచితిమి. అట్టి చేయి మాకు లేదు గనుక పానానే నమ్మితిమి.

2019 మార్చి రెండవవారమున ఇంజను మూతపడి, రంగు పూసికొని కొయ్యపీట నెక్కెను. ఒక పరిచితుడు మూడుకాళ్ల గొలుసుకప్పిని రెండు దినములకు ఇచ్చెను. శనివారము ఉదయము ఇంజనును కారులోనికి దింపుటకు నిశ్చయమైనది. దీనికొక తొందర కూడ కలదు. మా తల్లిగారి సమాధి బాపట్లలో నున్నది. ఏటేట ఈస్టరు వేకువను అచ్చటికి పోవుట మా కుటుంబపు వాడుక. ఆ యేడు ఈస్టరు ఏప్రిలు 21న వచ్చెను. "ఈసారి మన కారులోనే పోదాంరా" అని మా తండ్రిగారు జనవరిలోనే యనిరి. వారి వయస్సు ఎనుబదిరెండు. అట్టివారియొద్ద మరుసటి యేడని చెప్పుట ఎవరికిని నోరురాదు.

శుక్రవారము రాత్రి పళ్లెములు శుభ్రముచేయుచు మా తమ్ముడు మైనపు కాగితములో చుట్టియున్న అర్ధచంద్రాకారపు వాషరు నొకదానిని ఎత్తి చూపెను.

"అన్నయ్యా, ఇది కొత్తది. పాతవాటి డబ్బాలో మూడే ఉన్నాయి."

ఇదేమో వివరించవలెను. క్లచ్చి తొక్కినప్పుడెల్ల క్రాంకుషాఫ్టు ముందునకు నెట్టబడును. అట్లు జరుగకుండ నడిమి బేరింగునకు ఇరుప్రక్కల రెండేసి చొప్పున నాలుగు అరవాషరు లుండును. వాని గాడులున్న ముఖము క్రాంకుషాఫ్టు వైపు నుండవలెను. అప్పుడే గాడులలో నూనె నిలిచి రాపిడి తగ్గును. కడ్డీ ముందువెనుకలకు కదలుటకు విడువవలసిన సందు అంగుళములో వేయింట రెండు మూడు పాళ్లు మాత్రమే. మేము పాతవానిని క్రొత్తవానితో పోల్చి చూచుటకై ఒకే పళ్లెములో పెట్టియుంటిమి. కిరసనాయిలుతో కడిగిన పాతవి క్రొత్తవానివలెనే మెరసెను. క్రొత్తవి నాలుగు, పాతవి నాలుగు. బయట క్రొత్తది ఒకటియు పాతవి మూడును మిగిలినవి. అనగా లోపల మూడు క్రొత్తవి, ఒకటి పాతది. ఇంతటి సులభమైన తీసివేతకు జవాబు చూచి మేమెన్నడును అంతగా విచారపడలేదు.

మేస్త్రీగారికి ఫోను చేసితిమి. వారిట్లనిరి: "ఇరవై ఏడేళ్లు నడిచిన వాషరు మాస్టారూ, ఇంకో పదేళ్లు నడుస్తుంది. బండిలో తిరిగేది పెద్దాయన, అదీ ఏడాదికి రెండుసార్లు. మూసింది మూసినట్టే ఉంచండి."

ఆ మాటలో అసత్యము లేదు. బహుశః అది నడచియే యుండును. గొలుసుకప్పి మరల దొరకదు, సోమవారమునుండి పదవతరగతి పరీక్షలు, పిమ్మట జవాబుపత్రములు దిద్దు పని, ఈస్టరు దగ్గరపడుచున్నది. రాత్రి పదకొండు గంటలవరకు మేమిరువురమును ఇంజను చెంత కూర్చుండి ఈ లెక్కలే వేసికొంటిమి. అప్పుడు మా తమ్ముడు నోటుపుస్తకమును తెరచి, ఆనాటి తేదీ వేసి, కలమెత్తి, "ఏమని రాయను?" అని యడిగెను. నాలుగు క్రొత్త వాషరులని వ్రాసిన అబద్ధము. మూడని వ్రాసిన, చదువువారు మా తండ్రిగారే. మేము పానా తీసికొంటిమి.

ఇంజనును తలక్రిందుచేసి, అడుగున నున్న నూనెతొట్టిని విప్పి, నడిమి బేరింగు టోపీని తీసితిమి. పాత వాషరు పైభాగమున, వెనుకవైపున నుండెను. కడ్డీని మెల్లగ త్రిప్పుచు దానిని సన్నని పుల్లతో నెట్టగా జారి వచ్చెను. కొలిచి చూడగా క్రొత్తదానికంటె వేయింట నాలుగు పాళ్లు పలుచనైయున్నది. దానికి జతయగు అడుగుభాగము క్రొత్తది కావున, దళసరి హెచ్చు గల ఆ సగమే త్రోపుడునంతయు భరింపవలసి యుండెడిది. క్రొత్తది వేసి, సందు కొలిచి, బోల్టులను మరల 70కి బిగించువరకు తెల్లవారెను. నూనెతొట్టి క్రింది బెండుపట్టీ తీయునప్పుడు చినిగెను. అది ఆ యూరిలో ఆ శనివారము దొరకలేదు. గొలుసుకప్పిని ఆదివారము తిరిగి యిచ్చివేసితిమి. మా తండ్రిగారితో జరిగినది చెప్పగా, "సరే" అనిరి, అంతే. ఈస్టరునాడు అద్దెకారులో బాపట్ల పోయి వచ్చితిమి. దారిలో వారొక్కమాటయు నాడలేదు.

ఇంజను మే నెలలో దిగెను. జూలై మొదటివారమున తొలిసారి దానిని నడుపజూడగా, కార్బురేటరులోనుండి తుపాకి ప్రేలినట్లు మ్రోత వచ్చి, పాకమీది పావురములన్నియు లేచిపోయెను. కారణము చిన్నది, కాని చెప్పదగినది. కవాటములను తెరచు క్యామ్‌షాఫ్టు, క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగినప్పుడు ఒక్క చుట్టు తిరుగును. వీని నడుమ గొలుసు వేయునప్పుడు రెండు పండ్లచక్రములమీది చుక్కలు ఎదురెదురుగా నుండవలెను. అది మేము సరిగనే చేసితిమి. కాని మొదటి పిస్టను మీదికి వచ్చుట ఆ రెండు చుట్లలో రెండుమారులు జరుగును. ఒకమారు గాలిని నొక్కి నిప్పురవ్వకు సిద్ధముగ నుండును, రెండవమారు పొగను బయటికి నెట్టుచుండును. నిప్పురవ్వను పంచిపెట్టు డిస్ట్రిబ్యూటరును మేము రెండవ సందర్భమును చూచి బిగించితిమి. ఈ ఇంజనులో రవ్వ 1, 3, 4, 2 అను వరుసలో పోవును. కావున 1వ తీగెను 4వ దానితోను, 2వ తీగెను 3వ దానితోను మార్చిన చాలును. మేస్త్రీగారైయున్న డిస్ట్రిబ్యూటరు మరను తీసి సరిగా వేయించియుందురు. మేము తీగెలు మార్చి, ఆ సంగతి నోటుపుస్తకమున వ్రాసి యూరకుంటిమి. నేటికిని అది యట్లేయున్నది.

కవాటముల సందు సరిచేయుటలో గణితప్రియులకు నచ్చు సూత్రమొకటి కలదు. కవాటములు ఎనిమిది. ఒక్కొక్కటి పూర్తిగా మూసికొని యున్నప్పుడు దాని తలపై వేయింట 15 పాళ్ల అంగుళము సందుండవలెను. ఏది పూర్తిగా మూసికొన్నదో కంటికి తెలియదు. పూర్తిగా తెరచుకొన్నది మాత్రము తెలియును. 8వది పూర్తిగా తెరచుకొన్నప్పుడు 1వ దానిని సరిచేయవలెను. 6వది తెరచుకొన్నప్పుడు 3వ దానిని. 4వది తెరచుకొన్నప్పుడు 5వ దానిని. రెండంకెలను కూడిన ఎల్లప్పుడును తొమ్మిది. దీనిని మా తొమ్మిదవ తరగతి బాలు రిద్దరు ఒక సాయంకాలము వచ్చి, చెప్పకయే కనిపెట్టిరి.

బ్రేకులనుగూర్చి ఒక్కమాట. గొట్టములలోని గాలిని తీయునప్పుడు తొక్కుడు సిలిండరునకు అన్నిటికంటె దూరమున నున్న వెనుక ఎడమచక్రముతో ఆరంభింపవలెను. ఆ ద్రవము రంగును తినివేయును. మా కారు కుడి మడ్గార్డుమీద రూపాయి బిళ్లయంత మచ్చ సాక్ష్యమిచ్చుచున్నది.

ముందరి అద్దమును పెట్టుట అన్ని పనులలోను మాకు మిక్కిలి యానందమిచ్చినది. అద్దము చుట్టును రబ్బరుపట్టీ తొడిగి, ఆ పట్టీ గాడిలో గట్టి నూలుతాడును చుట్టబెట్టి, రెండు కొసలను కారులోపలికి వదలవలెను. సబ్బునీరు రాసి, బయటినుండి ఇద్దరు అద్దమును అరచేతులతో నొక్కుచుండగా, లోపల నున్నవాడు తాడుకొసను మెల్లగ లాగవలెను. తాడు వచ్చుకొలది రబ్బరు పెదవి రేకు అంచును దాటి లోపలికి కూర్చుండును. మొదటిసారి తాడు తెగెను. రెండవసారి మా తండ్రిగారు లోపల కూర్చుండి తామే లాగిరి. తాడుకొస వారి చేతికి వచ్చునప్పటికి అద్దము నిలిచియుండెను.

జూలై 13, రెండవ శనివారమునాడు బాపట్లకు బయలుదేరితిమి. మా తండ్రిగారు ముందుసీటున ఎడమప్రక్క కూర్చుండిరి. చేబ్రోలు దాటువరకు వారు దారిని చూడక, తలవంచి ఇంజను చప్పుడు వినుచుండిరి. పొన్నూరు దగ్గర మేము స్టీరింగు ప్రక్కనున్న గేరుపుల్లను మూడవస్థానమునకు వేయబోగా, "ఇంకా ఆగు" అనిరి. కొంతదూరము పోయిన పిమ్మట, "ఇప్పుడు వెయ్యి" అనిరి. సమాధివద్ద అరగంట గడిపి, మధ్యాహ్నమునకు ఇల్లు చేరితిమి. పాకలో కారు ఆగినవెంటనే వారు నోటుపుస్తకమును, భూతద్దమును తెప్పించుకొని, తేదీయు, దూరపు అంకెయు వేసి ఇట్లు వ్రాసిరి: "బాపట్ల పోయి వచ్చితిమి. చమురు కారుట లేదు. వెనుక ఎడమతలుపు చప్పుడు చేయుచున్నది. చూడవలెను."